తెల్లబొమ్మకు నేను పెట్టిన ముక్కు

మా ఇంట్లో ముక్కులేని మగవాని తల ఒకటి మూడు వారాలు ఉండింది. ప్లాస్టరుది. కూలగొట్టిన ఏదో విల్లాలోదంట, ఇక్కడ కువైట్‌లో అమ్ఘరా అనే చోట పాతసామాన్ల యార్డు నుంచి నా కొడుకు పట్టుకొచ్చినాడు. నా మనవరాలికి మన దేశంలో బొమ్మల కాలేజీలో చేరాలని ఆశ. చేరాలంటే వెనకటి కాలంలో గ్రీకు వాళ్లు చెక్కిన ఇట్లాంటి తలను చూసి, ఉన్నదున్నట్టు గీసి, ఆ తల ఫోటోతో కలిపి పంపాలంట.

"బతికున్న మనిషిని గీయమనరా?" అని అడిగినాను.

"మొదట బొమ్మ, తర్వాతే మనిషి అవ్వా. బొమ్మయితే కదలదు."

"మీ తాత కూడా కదిలేవాడు కాదు. ఆయప్ప ఉన్నప్పుడే నేర్చుకోవాల్సింది."

అబూ హలీఫాలో మాది రెండు గదుల ఫ్లాటు. బయట ఎండ మండిపోతావుంటే ఈ పిల్ల కర్టెన్లు మూసి, ఒక లైటు వాని చెంప మీదికి తిప్పి, పెన్సిలు పట్టుకొని చెయ్యి చాపి, ఒక కన్ను మూసి వాన్నే చూస్తా కూర్చునేది. కన్ను మూసేది కొలత కోసమంట, సరే. పట్టపగలు లైటేంది? నేను కువైట్ వచ్చిన కొత్తలో పనిచేసిన ఇంటి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఖాళీ గదిలో లైటు కనపడితే ఇల్లెగిరిపోయేట్టు అరిచేది. ఆ అలవాటు నాకు ఒంట్లో ఇంకిపోయింది. మనవరాలు నీళ్లు తాగను లేస్తే ఆర్పేసినాను.

"అవ్వా, లైటు ముట్టుకోవద్దు! నీడ మారిపోతాది."

"నీడ మారితే ఏమి, మనిషి వాడే గదా?"

మనవరాలు లైటు మళ్లా వేసుకొని కూర్చునింది.

విరిగిన బొమ్మ ఇంట్లో ఉంటే మంచిది కాదని మా అమ్మ చెప్పేది. పైగా వాడు కూర్చున్నది మా దేవుని పటాలకు ఎదురుగ్గా. ఒక శుక్రవారం అందరూ బయటికి పోయినారు. బాత్రూం టైల్సు వేయించినప్పుడు మిగిలిన తెల్ల సిమెంటు ఊరగాయ సీసాలో దాచి ఉంటిని. నేను ఏదీ పారేసేదాన్ని కాదు. దాన్ని తడిపి ముక్కు చేసినాను. చూసి చేయను వేరే ముక్కు లేదు, అద్దంలో నాదే చూసుకున్నాను. అగ్గిపుల్లతో రెండు బెజ్జాలు కూడా పెట్టినాను. నాకే ముచ్చటేసింది.

సాయంత్రం మనవరాలు వచ్చి చూసి నేల మీద కూలబడింది.

"ఏం చేసినావు అవ్వా! మూడు వారాలు గీసినా. నాలుగు రోజుల్లో పంపాల!"

"నీ బొమ్మకు కూడా ఒక ముక్కు తగిలించు. బొటనవేలంత పని."

ఏడుస్తానే నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చింది. చూసినాను. కాగితంలో పైపెదవి తెల్లగా ఉంది. ఎదురుగ్గా ఉన్న తలకేమో ముక్కు నీడ పెదవిని మింగి చెంపదాకా పోయింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా తెలిసొచ్చింది. ఈ పిల్ల ఇన్ని దినాలు గీసింది వాన్ని కాదు, వాని మీద పడే నీడల్ని.

నా కొడుకు సుత్తి తెచ్చి రెండు దెబ్బలు వేసినాడు. చెంపలో పెచ్చు లేచింది గానీ ముక్కు కదల్లేదు.

"ఆపు నాయనా! ముక్కు రాదు, మొగమే వచ్చేట్టుంది," అన్నాను.

"ఖలాస్," అని వాడు సుత్తి కింద పెట్టినాడు.

మనవరాలు కండ్లు తుడుచుకొని కొత్త కాగితం అంటించింది. ఆ నాలుగు రోజులు వంట వేళ తప్ప నేను ఆ లైటు పక్కనే కాపలా కూర్చున్నాను. నేను నేర్పిన అలవాటే గదా, నా కొడుకు పోతా పోతా స్విచ్చి మీద చెయ్యి వేసినాడు. ఆ చేతి మీద ఒకటి వేసినాను.

పంపినాక కూడా మనవరాలు కర్టెన్లు తీయకుండా ఆ లైట్లోనే వాన్ని గీస్తా ఉండింది. నెల తర్వాత సీటు వచ్చిందని ఫోన్లో మెసేజి వచ్చింది. మొగమంతా బాగుంది, అందులో ముక్కు బాగా తెలిసినవాళ్లది గీసినట్టుంది అని రాసినారంట. మా కోడలు ఫోను చూసింది, బొమ్మను చూసింది, నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"పుట్టినప్పటి నుంచి చూస్తానే ఉంది గదత్తా," అనింది.

నేను నవ్వలేదు. లేచిపోయి కర్టెన్లు తీసి, లైటు ఆర్పినాను.