తలుపు వెనక చెయ్యి

మా వదినది నాకు ఒళ్ళు మండేంత నెమ్మది. సున్నం కలిపే పని ఆమెది. మా అన్నయ్య తాపీ మేస్త్రీ. కొండమీద ఎప్పటిదో పాత రైతు ఇంటిని అతిథుల విడిదిగా మారుస్తుంటే ఇద్దరూ అక్కడే పని చేశారు. కూలీలకు వంట చేసిపెట్టేది నేను.

మా మేస్త్రీలకు ఒక అలవాటుంది. మొదటి గది పూత ముగించినవాడు తడి ఆరకముందే తలుపు వెనక గోడమీద అరచెయ్యి అద్దుతాడు. తలుపు తీసి ఉన్నంతసేపూ అది ఎవరికీ కనబడదు. అన్నయ్యా అద్దాడు. చిటికెనవేలు సగమే పడింది. ఎన్నడో రాళ్ళ మధ్య నలిగిపోయిన వేలది. ఆ వారమే పైకప్పు దూలం జారి అన్నయ్య మీద పడింది. అక్కడికక్కడే పోయాడు. ఇంట్లో చావు జరిగిందంటే అతిథులు రారని, ఎవరూ నోరు మెదపొద్దని కాంట్రాక్టరు గట్టిగా చెప్పి చేతులు దులుపుకున్నాడు.

తిరిగి పనిలోకి వచ్చాక వదిన రోజూ ఆ తలుపు మూసుకుని, ఆ గుర్తులో తన చెయ్యి పెట్టి కాసేపు నిలబడేది.

ఒకరోజు యజమాని వచ్చాడు. పాతవంటే ఆయనకు పిచ్చి, తుప్పు పట్టిన కొడవలిని కూడా గోడకెక్కించాడు. తలుపు వేసి చూసి, ఈ మచ్చేమిటి, గీకించెయ్యమన్నాడు. జన్మలో అబద్ధమాడని మా వదిన గబుక్కున అనేసింది.

"అది ఈ ఇల్లు కట్టిన పెద్దాయన చేతి గుర్తండీ."

చావు సంగతి బయటపడకుండా పక్కనున్న కాంట్రాక్టరూ తలూపాడు. యజమానికి నమ్మాలనే ఉంది, నమ్మేశాడు. మా వదినకూ నోరుందని నేను మురిసిపోయాను. నా మురిపెం మండిపోను!

వారం తిరిగేసరికి తలుపు ఊడదీసి, ఆ చేతికి అద్దం బిగించి, పైన దీపం పెట్టించాడు. సగం వేలు చిరుతపులి కొరికేసిందని కథ కూడా అల్లాడు. వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వదినకు అక్కడే గదులు తుడిచే పనిచ్చారు.

నాకు ఏడుపూ ఆగలేదు, కోపమూ ఆగలేదు. నిజం చెప్పెయ్యమని మీద పడ్డాను.

"చెప్తే గీకేస్తారే," అంది.

పొద్దున్నే ఆ అద్దం తుడవడం ఆమె వంతు. ముందు దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. తర్వాత గుడ్డ తీసుకుని, అద్దంమీద పడిన తన చేతి గుర్తును మరక లేకుండా తుడిచేస్తుంది.