ఆడవాళ్ల బంతి గురించి నేను రాసింది

కోయిలకుంట్లకు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో, నలభై దాటిన వయసులో నేను ఒక కాలేజీవాళ్ల ఆన్‌లైన్ కోర్సులో చేరి సమాజశాస్త్రం మొదటి పాఠాలు చదివాను. మాది కిరాణా అంగడి. మధ్యాహ్నం బేరం లేనప్పుడు సెంటర్‌కు పోయేవాణ్ణి.

మీ ఇంటి ఆచారం ఒకటి పరిశీలించి రాయమన్నారు. మగవాళ్ల బంతి లేచాకే నా భార్య తినడానికి కూర్చుంటుందని, అది అణచివేత అని కూడా ఆమెకు తెలియదని రాశాను. లెక్చరర్ మెచ్చుకుని, తరగతి అంతా చూసే పేజీలో పెట్టాడు. అదే కోర్సు చదువుతున్న నా భార్య మేనకోడలు కడప నుంచి ఆమెకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించింది.

"నన్నొక మాట అడిగినావా?" అంది నా భార్య. "మీరు అంగడికి పోయినాక అత్తా నేనూ కూర్చుని తింటాము. మాకు మాట్లాడుకునేకి దొరికేది ఆ పొద్దొకటే. ఇప్పుడు అందరూ నన్ను అయ్యో పాపం అంటాండారు. పోయి తీసేయి."

ఆ పేజీలో రాయడానికి వీలుంది గానీ చెరపడానికి లేదు. లెక్చరర్‌కు మెయిల్ పెడితే, బాగుంది కాబట్టి వచ్చే బ్యాచ్‌కూ ఉంచుతామన్నాడు. సెంటర్ నడిపే ఆయన, "మన చేతిలో లేదప్పా, అది వాళ్ల కంప్యూటర్లో ఉండాది" అన్నాడు.

మరుసటి రోజు నుంచి ఆమె నా పక్కనే కంచం పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా తిని లేచేది. కొడుకు ఎదుట కూర్చుని తినే అలవాటు లేని మా అమ్మ తర్వాత ఒక్కతే తినేది. మునుపటి మాదిరే ఇద్దరూ కలిసి తినండని బతిమాలాను.

"అట్ల తింటే మళ్లా రాస్తావు" అంది.

రాయనని ఒట్టు పెట్టుకున్నాను. అయినా మరుసటి పూట కూడా ఆమె కంచం నా పక్కనే పెట్టుకుంది.