అల్సీద్ వంతు

ఒడీల్ ఇంట్లో పానీయం కలిపే డబ్బాని గుడ్డతో పట్టుకోకూడదు. ఐసు వేశాక స్టీలు ఎంత చల్లబడినా, వేళ్ళు కొంకర్లు పోయినా, ఒట్టి చేతుల్తోనే గిలక్కొట్టాలి. ఇక నా వల్ల కాదనుకున్నప్పుడు పక్కవాళ్ళకి అందించాలే గాని, మధ్యలో బల్ల మీద పెట్టకూడదు. పెడితే నురగ చచ్చిపోతుంది. ఈ చట్టం ఆమె మొగుడు అల్సీద్ చేసింది. "గుడ్డ చుట్టి పట్టుకునేవాడు హోటల్లో పనోడు. మనం ఇంట్లో మనుషులం" అనేవాడు. హోటల్లో ఇస్త్రీ పని చేసే పెళ్ళాం ముందు ఆ మాట అనడం అతని సరదా. ఆమె ఉడుక్కోవడం అతనికి కావాలి.

ఒడీల్ పుట్టింది, పెరిగింది, ముసలిదైంది అంతా ట్రెమే పేటలోనే. ఊరు దాటి పోయింది తుఫాను తరిమినప్పుడే. బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు ఇస్త్రీ చేసీ చేసీ కుడి మణికట్టు గట్టిపడిపోయింది. ఆ హోటల్ వెనక గుమ్మం దగ్గరే ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు దించుతూ అల్సీద్ కనపడ్డాడు. దారికి అడ్డం నిలబడ్డాడని చెయ్యి పట్టి పక్కకి లాగబోయి ఉలిక్కిపడింది.

"అమ్మో, ఇదేం చెయ్యి! చచ్చినవాడి చెయ్యిలా ఉంది!"

"అలవాటు చేసుకో" అన్నాడు నవ్వుతూ.

చేసుకుంది. పెళ్ళయిన రెండో ఏడు ఐసు కోసే రంపం కింద పడి అతని ఎడమ చేతి ఉంగరపు వేలు మొదలుకంటా పోయింది. పెళ్ళి ఉంగరాన్ని తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. ఆ చేతికి చలి తెలిసేది కాదు. అందుకే డబ్బా తిప్పడంలో చివరి వంతు ఎప్పుడూ అతనిదే. అందరూ చేతులెత్తేశాక తీసుకుని, డబ్బా మీద మంచు తెల్లగా పేరుకునేదాకా ఆపేవాడు కాదు.

ఏడాదికొక్కసారే ఆ పానీయం. సర్వపునీతుల పండగ పొద్దున్నే శ్మశానానికి పోయి, అల్సీద్ వాళ్ళ వంశంలో అందర్నీ ఒక్కదాంట్లోనే పెట్టే కుటుంబ సమాధికి సున్నం వేసి, చామంతులు పెట్టి, ఇంటికొచ్చి చేసుకుంటారు. జిన్, నిమ్మరసం, పంచదార, చిక్కటి మీగడ, గుడ్డు తెల్లసొన, నారింజపూల నీళ్ళు నాలుగు చుక్కలు. అన్నీ డబ్బాలో పోసి, ఐసు వేసి, బల్ల చుట్టూ కూర్చుని చేతులు మారుస్తూ గిలక్కొట్టడమే. ఎవరి వంతులో వాళ్ళు, సమాధి రాతి మీదున్న పేర్లలో ఒకటి పైకి చెప్పాలి. తర్వాత గ్లాసుల్లో వంచి, అంచున సోడా పోస్తే, నురగ గ్లాసుని దాటి పైకి లేచి టోపీలా నిలబడాలి.

ఆరేళ్ళుగా నిలబడటం లేదు. అల్సీద్ పీతల వేటకని సరస్సు మీదికి పోయి ఆరేళ్ళు. సాయంత్రానికి పడవ దొరికింది. బుట్టలో పీతలు బతికే ఉన్నాయి, పెట్టెలో ఐసు కరగనైనా కరగలేదు. అతను లేడు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఒడీల్ ఏడవలేదు. "ఆలస్యం అయింది, వస్తాడు" అంది. అదే మాట మీద ఉంది. బల్ల దగ్గర అతని కుర్చీ ఉంచింది. పండగనాడు అతని గ్లాసు కూడా నింపి, మీద సాసరు మూసి ఫ్రిజ్‌లో పెట్టేది. మర్నాటికి అది విరిగిన పాలలా అయిపోయి ఉండేది. ఎవరైనా ఏమైనా అంటే, ఆ రోజంతా ఆవిడ నోటికి దొరికిపోయినట్టే.

ఈ ఏడు ఆమె ఆడపడుచు నొయెలీ ఊరుకోలేదు. అల్సీద్‌కి పెద్దక్క. కళ్ళు మసకబారాయి, కాళ్ళు వాచాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. డబ్బా పట్టుకుంటూనే మొదలెట్టింది.

"ఇవాళ తేలిపోవాలే. మళ్ళీ ఆ సమాధి తెరిచేది నాకోసమే. నాకంటే ముందు నా తమ్ముడి పేరు ఆ రాతి మీద ఉండాలి. బజీల్ పనిముట్లు కూడా తెచ్చుకున్నాడు. సాయంత్రం ఫాదర్ వచ్చి సమాధుల్ని దీవించాక బజీల్ ఇక ఏడాదిదాకా రాయి ముట్టుకోడు."

బజీల్ శ్మశానంలో సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కే మనిషి. అల్సీద్ నేస్తం. "నన్ను మధ్యలోకి లాగకండమ్మా, నేను తాగడానికొచ్చాను" అన్నాడు.

"బతికున్న మొగుడి పేరు నా నోటితో చెప్పి చెక్కించనా వదినా? నా చేత్తో నేనే చంపుకున్నట్టు కాదూ?"

"బతికుంటే రాడటే?"

ఒడీల్ ముఖం మాడిపోయింది. "గిలక్కొట్టు. నోరు తర్వాత."

నొయెలీ తల్లి పేరు చెప్పి ఊపింది. డబ్బా ఒడీల్ దగ్గరికొచ్చింది, బజీల్‌కి పోయింది, మళ్ళీ నొయెలీకి. ఒడీల్‌కీ నొయెలీకీ మధ్య అల్సీద్ కుర్చీ. ఆ ఖాళీ మీదుగానే అందించుకోవాలి. బయట గాలి లేదు. పందిరి మీద ఆకైనా కదలడం లేదు. అయినా వెనక గుమ్మం తలుపు కిర్రుమంది. ఆ ఇంట్లో గదులన్నీ ఒకదాని వెనక ఒకటి, తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. వెనక తలుపు తర్వాత వంటింటి తలుపు కదిలింది. తర్వాత పడగ్గది తలుపు. తర్వాత వీళ్ళున్న గది తలుపు. ఇక చప్పుడు లేదు.

"పిల్లేమో" అన్నాడు బజీల్. ఆ ఇంట్లో పిల్లి లేదు.

గదిలో చలి పెరిగినట్టు అనిపించి, ఒడీల్ సోడా కోసం లేచి ఫ్రిజ్ వైపు తిరిగింది. వెనక డబ్బా మోగుతూనే ఉంది. ఐసు ముక్కల లయ మారింది. ముసలి చేతుల తడబాటు లేదు. బిగువుగా, నిదానంగా, ఆగకుండా సాగుతోంది. ఎక్కడో విన్న లయే.

"ఏం వదినా, ఇంత సత్తువ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది తిరక్కుండానే.

"నాకేం సత్తువే? నీకిచ్చి ఎంతసేపయింది" అంది నొయెలీ.

ఒడీల్ గిరుక్కున తిరిగింది. చప్పుడు ఆగిపోయింది. నొయెలీ రెండు చేతుల్తో కళ్ళజోడు తుడుచుకుంటోంది. బజీల్ చేతులు బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి, ముఖంలో రక్తం లేదు. డబ్బా అల్సీద్ కుర్చీ ముందు నిటారుగా నిలబడి ఉంది, ఒళ్ళంతా తెల్లటి మంచుతో.

ఆ మంచులో ఒక చెయ్యి అచ్చు పడి ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు. మధ్యవేలికీ చిటికెనవేలికీ నడుమ మంచు చెదరలేదు.

ఒడీల్‌కి మొదట వచ్చింది భయం కాదు, సంతోషం. ఎంత సంతోషమంటే రెండడుగుల్లో వచ్చి అతని కుర్చీ వీపు పట్టుకుంది. ఆ తర్వాతే, అతను ఏ చోటునుంచి వచ్చాడో అర్థమైంది. కొయ్య చల్లగా ఉంది.

ఆమె తన ఎడమ చేతిని ఆ అచ్చు మీద ఆనించింది, ఉంగరపు వేలు మడిచి. అది కరిగి చుక్కలుగా బల్ల మీద పడేదాకా తియ్యలేదు. తర్వాత డబ్బా మూత తీసి నాలుగు గ్లాసుల్లోకి వంచి, సోడా పోసింది. నురగ లేచింది. అంచు దాటి, ఇంకా లేచి, నిలబడింది.

"బజీల్, చెక్కడానికెంతసేపు పడుతుంది?"

"ఫాదర్ వచ్చేలోపు అయిపోతుందక్కా" అన్నాడు.

అంతసేపూ పట్టుబట్టిన నొయెలీ ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దే ఒడీల్. నా మాట విను. ఇంకొక్క ఏడాది చూద్దాం. నాకేం తొందర, నేను బతికే ఉంటాలే."

"ఇంకేం చూస్తాం వదినా" అంది ఒడీల్. "ఆరేళ్ళుగా రమ్మన్నాను. వచ్చాడుగా."

ఫ్రిజ్‌లోకి పోవాల్సిన నాలుగో గ్లాసు అందుకుంది. సాసరు కోసం వెతకలేదు. దాన్ని మిగతా మూడింట్లోకీ సమంగా వంచేసింది.