యాదగిరి పడవకు మావాళ్ళు చేసిన పూజ

ఎనభైల నాటి మాట. మేము కామాఠిపురాలో, వలసొచ్చిన తెలుగువాళ్ళు వరస గదుల్లో కాపురాలుండే ఒక చాల్‌లో ఉండేవాళ్ళం. సముద్రాన్ని ప్లాస్టిక్‌తో నింపవద్దని చాటడానికి మా మేనల్లుడు యాదగిరి తెడ్ల పడవలో అరేబియా సముద్రం దాటాలని సంకల్పించాడు. సాగనంపడానికి చాల్ అంతా వర్లి ఒడ్డుకు వచ్చింది. ఆడవాళ్ళు హారతిచ్చి, గంగమ్మకని పూలూ కొబ్బరికాయలూ ప్లాస్టిక్ సంచులతో సహా నీళ్ళలోకి విసిరారు.

“అత్తా, సంచులెందుకు ఏస్తున్నరు? నేను పోయేదే దానికోసం గదా!” అని వాడు పడవలోంచి అరిచాడు.

“మంచిగ పోయెటప్పుడు గంగమ్మ ముంగట లొల్లి చెయ్యకురా!” అంది మా ఆవిడ.

అంతలో ఒక సంచి తెడ్డుకు చుట్టుకుంది. విడిపించడానికి వాడు వంగగానే అల పడవను రాళ్ళకేసి కొట్టింది. వాణ్ణి ప్రాణాలతో బయటికి లాగాం, పడవ ముక్కలైంది.

పూజ చాలక గంగమ్మకు కోపమొచ్చిందని చాల్ తేల్చింది. నేను సంచి సంగతి ఎత్తితే, “పెద్దమనిషివి, దేవతనంటవా?” అని నన్నే నిలదీశారు. యాదగిరి మళ్ళీ పడవ ఎక్కలేదు. మావాళ్ళు మాత్రం గంగమ్మను శాంతింపజేయడానికి ఏటా ఆ ఒడ్డుకు సంచులతోనే వెళ్ళారు.