పగిలిన సైలెన్సర్
మా ఆయన దేవదాస్‌కు చప్పుడంటే పగ. చిన్నప్పటి నుంచి సిరిసిల్ల మరమగ్గాల మధ్య మెకానిక్‌గా బతికి, సగం చెవుడు తెచ్చుకుని కోరుట్లకు వచ్చాడు. ఇక్కడ మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. ఏ మిషిన్ తెచ్చినా ముందు దాని నోరు మూయిస్తాడు. నా నోరొక్కటే ఇంకా ఆయన చేతికి చిక్కలేదు.

మొన్న వానాకాలం బీర్పూర్ నుంచి జమున అనే ఆమె ఆటోలో ఒక గడ్డి కోసే మిషిన్ వేసుకొచ్చింది. పెట్రోలుతో నడిచేది, ఏ కాలం నాటిదో! తుప్పుపట్టి ఇంజను బిగుసుకుపోయింది. పాత సామాన్ల వాళ్లకు వేయరాదా అనబోయి, ఆమె మెడ చూసి ఊరుకున్నాను. పుస్తెలతాడు లేదు.

ఆమె మొగుడు జలపతి దుబాయిలో ఒక బంగళాకు తోటమాలి. ఆ మిషిన్‌తోనే గడ్డి కోసేవాడట. శవం ముందు వచ్చింది. గదిలోని స్నేహితులు మిషిన్‌ను తర్వాత కార్గోలో పంపారు.

"ఎప్పుడు ఫోన్ చేసినా ఎనుక గీ చప్పుడే అన్నా," అంది జమున. "గా దినం పొద్దుగాల ఏమో అడిగిండు. చప్పుడుల నాకు ఇనవడలే. ఊకె 'ఆఁ, సరే' అన్న. గా మాపటికే గుండె ఆగిందట. దేనికి సరే అన్ననో తెల్వది. గా చప్పుడు మల్ల ఇంటే యాదికొస్తదేమో."

"సరే చెల్లె," అని మా ఆయన తలూపాడు.

ఇంజనులో డీజిల్ పోసి నానబెట్టాడు. కార్బొరేటర్ కడిగాడు, బ్లేళ్లకు సాన పట్టాడు. సైలెన్సర్ తుప్పు తిని పగిలిపోయి ఉంది. దాన్ని తుక్కులో విసిరేసి, పాత స్కూటర్‌ది తెచ్చి వెల్డింగ్ చేశాడు. జమున వచ్చిన రోజు మురిసిపోతూ తాడు లాగాడు. మిషిన్ పిల్లిలా గురగురమంది.

ఆమె ముఖం మాడిపోయింది. "గిది కాదన్నా! గిండ్ల మా ఆయన లేడు," అని నేల మీద కూలబడి ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. "ఆమె చెప్పింది ఇన్నవా, ఊకె తలూపినవా?" అని ఆయన చెవి దగ్గర అరిచి, సంగతంతా మళ్లీ చెప్పాను.

ఆయన మిషిన్ ఆపేశాడు. "సరే అన్న గని, ఇనలే," అన్నాడు.

తుక్కంతా తిరగేసి ఆ పగిలిన సైలెన్సర్ తీశాడు. తుప్పు కూడా తుడవకుండా బిగించి, తాడు లాగాడు. కొట్టు రేకులు అదిరాయి. ఎదురు దుకాణాల వాళ్లు బయటికి వచ్చి చూశారు. చప్పుడంటే పడని మనిషి పళ్లు బిగించి అక్కడే నిలబడ్డాడు.

జమున లేచి గోడవైపు తిరిగింది. కొంగులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకుంది. అటువైపు ఎవరూ లేరని మాకు తెలుసు. అయినా ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు ఆమె తలూపుతోంది. పట్టపగలే నాకు భయమేసింది. ఉన్నట్టుండి తలూపడం ఆపి, గొంతు చించుకుని అరిచింది.

"ఇనవడ్తలే! సరే గాదు, నాకు ఇనవడ్తలే! మల్ల జెప్పు!"

మా ఆయన మిషిన్ ఆపలేదు. పెట్రోలు అయిపోయి అదే ఆగింది. అప్పటికీ ఆమె చెవి దగ్గర ఫోను దించలేదు.