కిటికీ దగ్గరి ఎరుపు

లింగమూర్తిగారిని ఎవరైనా ‘ఉత్త ల్యాబ్ హెల్పర్’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చి, లింబాయత్‌లో కాపురం పెట్టి, పాండేసరలోని ఒక అద్దకం మిల్లులో ఇరవై రెండేళ్లు బట్ట రంగును నమూనాతో సరిచూసిన మనిషి. మిల్లు మూతపడ్డాక మా ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. ఏ రంగైనా కిటికీ వెలుగులో చూడనిదే నమ్మడు.

నా పరిశోధన ఇనుప ఆక్సైడ్ పొడి మీద. ఇంధనాన్ని గాలితో కాకుండా ఆ పొడిలోని ఆక్సిజన్‌తో మండిస్తాం. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా పట్టుకోవడం తేలిక. ఆక్సిజన్ పోయిన పొడి నల్లబడుతుంది. వేడి గాలి పంపితే మళ్లీ ఎర్రబడి బరువెక్కుతుంది. ఎంత వేగంగా, ఎంత పూర్తిగా అన్నదే నా లెక్క. మామూలు పొడి పదిసార్లకే మొరాయించింది. సీరియం అనే లోహం కలిపిన పొడి యాభైసార్లు నిలిస్తే నా రెండేళ్ల కష్టం గట్టెక్కినట్టే!

ఆ మధ్యాహ్నం యాభయ్యోసారి. లింగమూర్తిగారు గాలి వాల్వు తిప్పాడు. కంప్యూటర్ తెర మీద పొడి బరువు చూపే గీత జరజరా ఎక్కి, చేరాల్సిన చోటికి చేరకుండానే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. చల్లారాక పొడిని పారెయ్యమన్నాను.

ఆయన పారెయ్యలేదు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ఒక పలుకును గోటితో చిదిమాడు.

“శ్రీలేఖ మేడం, జర ఇటు రాండ్రి! పక్కా లాల్. లోపల గింతన్న నలుపు లేదు.”

“బరువు తక్కువుంది కదండీ! కంటితో తేల్చే లెక్కా ఇది?” కసిరాను.

“రంగు పూరా ఎక్కింది. మరి బరువు ఏడికి వొయింది?” అన్నవాడు వాల్వు వైపు తిరిగి చూశాడు. “తప్పు నాదే మేడం. మిల్లుల ఆవిరి వాల్వు ఒక్క దెబ్బకు ఇప్పుతుంటిమి. గిక్కడ గూడ చెయ్యి గట్లనే వొయింది. పొడి ఎగిరినట్టుంది.”

నెమ్మదిగా తిప్పమని వందసార్లు చెప్పాను! తిట్టబోతూనే గాలి బయటికి పోయే గొట్టం విప్పాను. చివర ఎర్రటి ధూళి. గీకి తూచాను. తగ్గిన బరువుకు సరిగ్గా సరిపోయింది!

“నన్ను పనిలకెళ్లి తీసేస్తరా?”

“ముందు వాల్వు దగ్గరికి పదండి. మీరే తిప్పాలి.”

మిగిలిన పొడిని కొత్తగా తూచి, మళ్లీ నల్లబరిచాం. ఈసారి ఆయన ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. గీత ఎక్కింది, ఎక్కింది, మొదటిరోజు గీత మీదికి వచ్చి కూర్చుంది! కుర్చీలోంచి గెంతి అరిచాను. ఫోన్ తీసి మా గైడ్ సారుకు చెప్పబోతుంటే లింగమూర్తిగారు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు బిడ్డా! పొడి చల్లారనియ్యి. కిటికీ కాడ ఒక్కసారి చూసినంక చెప్పు.”