తూకానికి రాని నీళ్లు

మా తమ్ముడికి అనుమతించిన నీరు రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లు. చారు, మజ్జిగ, మాత్ర మింగడానికి తాగే గుక్క కూడా అందులోకే వస్తాయి. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఆరుంబావుకు ఉద్దానంలోని మా ఊరి నుంచి ఆటోలో బయలుదేరి, పలాసలోని డయాలసిస్ కేంద్రానికి ఏడు లోపల చేరేవాళ్లం. యంత్రం మీద నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ అతని మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాణ్ణి.

ఒక శనివారం, ముందు వారపు ఆదివారం అనుబంధం చేతికి దొరికితే పైకి చదివాను. రాబోయే కాలంలో మనిషి జీవితాన్ని మార్చబోయే ఆవిష్కరణల గురించి రాశారు. ఎగిరే కార్లు, వంట చేసే మరమనిషి, మాట్లాడే గోడలు. పక్క మంచం మీద భావనపాడు నుంచి వచ్చే మత్స్యకారుడు ఉండేవాడు. తమ్ముడూ అతనూ ఒకే రోజు మొదలుపెట్టారు కనుక బావా అంటే బావా అనుకునేవారు.

"సేపలు ఎక్కడున్నాయో సూపెట్టే మిషను నా బోట్లో ఉంది బావా. కిడ్నీ ఎప్పుడు పాడవుద్దో ముందుగాల సెప్పే మిషను నేదు. ఇదేటి సదువు?" అన్నాడతను.

తమ్ముడి బరువు, నీళ్ల లెక్కలు రాసే నా పుస్తకం తెరిచి, తేదీ వేసి, అతని మాట రాసుకున్నాను. నా కోరిక కూడా కింద చేర్చాను: బావి గట్టున పెడితే ఆ నీటిలో ఏముందో అంకెల్లో చెప్పే పరికరం. మా ప్రాంతానికి ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

"నువ్వేటి కావాలంటావు?" అని తమ్ముణ్ణి అడిగాను.

"తూకానికి రాని నీళ్లు కనిపెట్టమను అన్నియ్యా. కడుపునిండా తాగినా కాటా మీద కనపడకూడదు. ఎగిరే కారు నువ్వే ఎక్కు."

"మీ అన్నియ్య ఆ నీళ్లక్కూడా లెక్క రాసేత్తాడు బావా," అన్నాడు మత్స్యకారుడు. వార్డంతా నవ్వింది. అదీ రాశాను.

నవ్విన మాటే అయినా అతని ప్రాణం తూకం మీదే ఉంది. అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువని కేంద్రంలో డాక్టరు నిర్ణయించింది యాభై కిలోలు. ఒక డయాలసిస్‌కూ మరొక దానికీ మధ్య రెండు కిలోలకు మించి పెరిగితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందువల్ల రోజూ ఉదయం, సాయంత్రం పెరట్లోని పాత ఇనుప కాటా మీద అతన్ని నిలబెట్టి తూచేవాణ్ణి. జబ్బు పడక ముందు తమ్ముడు చుట్టుపక్కల రైతుల దగ్గర జీడిపిక్కలు కొనేవాడు. ఆ బస్తాలు తూచిన కాటా అది. ఎంత వచ్చిందో చూసి, యాభై రెండుకు ఇంకా ఎంత మిగిలిందో లెక్కగట్టి, ఆ మేరకు గ్లాసు నింపమని మా మరదలికి చెప్పేవాణ్ణి.

కేంద్రంలోని కాటాకూ మా కాటాకూ ఎప్పుడూ కిలోన్నర తేడా వచ్చేది. అక్కడ యాభై మూడున్నర చూపితే మా ఇంట్లో యాభై రెండు. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడని అక్కడి టెక్నీషియన్ తమ్ముణ్ణి కోప్పడ్డాడు. నేను పుస్తకం చూపించి వాదించాను.

"మీ కాటాను రోజూ చీపురుతో అటూ ఇటూ నెడతారు, అది తప్పు చూపుతోంది," అన్నాను.

"తాతగారూ, మాది మొన్ననే సరిసూసినారు. మీదే సూపించుకోండి," అన్నాడు ఆ కుర్రవాడు.

పలాస స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి నేను. అక్కడ ప్రతి ఉదయం ఇరవై కిలోల ముద్రగుండు, అంటే సర్కారు ముద్ర వేసిన తూకపురాయి, పెట్టి కాటా సరిచూసిన తరువాతే మొదటి పార్సిల్ ముట్టేవాణ్ణి. ఇంటి కాటాకు ఆ పని ఒక్కసారైనా చేయలేదు. తేడా ప్రతిసారీ ఒకే విధంగా రావడం చూసి వాళ్ల కాటాదే తప్పని మరింత గట్టిగా నమ్మాను. వాళ్లు చెప్పిన యాభై వాళ్ల కాటా మీద తీసినదే కదా అన్న చిన్న తర్కం నాకు తట్టలేదు.

ఆ వాదన తరువాతి సోమవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మరదలు మా రెండిళ్ల మధ్య గోడ అవతలి నుంచి కేక వేసింది.

"బావగారూ! బేగి రండి, ఊపిరందట్లేదు!"

తమ్ముడు మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. ఆ ఉదయం నా పుస్తకం ప్రకారం అతనికి ఇంకా నాలుగు వందల గ్రాముల వెసులుబాటు ఉంది. టెక్కలి వైపు వెళ్తున్న వ్యాను ఆపి, వెనక్కి తిప్పించి పలాస తీసుకువెళ్లాం. యంత్రం మీద పెట్టాక ఆరు గంటలకు కొంచెం తేరుకున్నాడు.

మర్నాడు తమ్ముణ్ణి ఇంటికి తీసుకువచ్చి, పార్సిల్ ఆఫీసులో అప్పు తెచ్చిన ముద్రగుండు మా కాటా మీద పెట్టాను. పద్దెనిమిదిన్నర చూపింది. దండె చివర ఉన్న మరను ఎవరో లోపలికి తిప్పి ఉంచారు. జీడిపిక్కల బేరంలో బస్తాకు తరుగు తీయడం ఇక్కడి ఆనవాయితీ: గోనెసంచికి ఒక కిలో, తేమకు అర కిలో. ప్రతి బస్తాకూ తీసివేత రాసే పని లేకుండా కాటానే ఆ మేరకు తగ్గించి పెడతారు. రైతులకు తెలుసు. కొనేవాడికి తెలుసు. కొనేవాడు మా తమ్ముడే.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"నా సేత్తో తిప్పిన మర అన్నియ్యా. తెల్దేటి?"

"మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే గ్లాసు తగ్గించేత్తావు కదా," అన్నాడు. "నీకు దాహమంటే ఏటో తెల్దు. నాలిక అట్టముక్కలాగుంటాది. ఎందరి పిక్కలు తరుగు తీసినానో. ఆ కిలోన్నర నా గొంతులోకొచ్చింది, పోనీ."

నేను అతని ఎదురుగానే మర వెనక్కి తిప్పాను. ముద్రగుండు మళ్లీ పెట్టాను. ఇరవై. పుస్తకంలో పాత పేజీలన్నిటిలోనూ ప్రతి అంకె పక్కన ఎర్ర సిరాతో కిలోన్నర కలిపాను. గ్లాసు కూడా తగ్గించాను.

ఆ తరువాత తొమ్మిది నెలలు మా కాటా, కేంద్రం కాటా ఒకే అంకె చూపాయి. టెక్నీషియన్ నన్ను మెచ్చుకున్నాడు. తమ్ముడు నాతో మాట్లాడడం బాగా తగ్గించాడు. జీడిమామిడి పూత మీదున్న రోజుల్లో, ఒక గురువారం ఉదయం, ఆటో రాక ముందు కాటా మీద నిలబెట్టాను. యాభై రెండు కిలోల వంద గ్రాములు.

"ఒక్క గ్లాసు అన్నియ్యా. నిండా. ఎల్లి ఎలాగూ తీయించేసుకుంటాను కదా."

పుస్తకం చూశాను. వంద గ్రాములు అప్పటికే ఎక్కువ. తడి గుడ్డతో పెదవులు తుడిచి, పద అన్నాను. కేంద్రం చేరడానికి ముందే, ఆటోలో, నా భుజం మీద తల వాల్చి పోయాడు. గుండె ఆగిందన్నారు. ఒక గ్లాసు నీటికీ దానికీ సంబంధం ఉండదని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆవిష్కరణల పేజీ ఇంకా పుస్తకంలోనే ఉంది. బావి గట్టు పరికరం రాలేదు. కిడ్నీ సంగతి ముందే చెప్పే యంత్రం మా ఊరికి రాలేదు. తమ్ముడు కోరింది మాత్రం కొన్ని నెలల పాటు మా పెరట్లోనే దొరికింది. దాన్ని సరిచేసింది నేను. గురువారం నాటి అంకెను మూడుసార్లు సరిచూశాను. అది సరైనదే.